తేనె గది గడప

వెలుగు పక్షం, రెండో రోజు

చెల్లీ నూకాలూ, ముందు మీ అందరి ఒంటి సంగతులు రాయి. నీ మోకాలి వాపు తీసిందా? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నావా, లేదా ఇంకా పడుచుదానివే అనుకుంటున్నావా? మీ ఆయన సింహాలుకి చెవిలో హోరు తగ్గిందా? మీ అత్తగారు అన్నం ముట్టుకుంటున్నారా, గంజి మీదే ఉన్నారా? మీ కోడలు అప్పలకొండకి నెలలు నిండుతున్నాయి కదా, కాళ్లకి నీరు పట్టిందని పోయిన బండిలో రాశావు. ఉప్పు తగ్గించమను. చిన్న దాలి దగ్గు మాట రాయడం మరిచిపోయావు. నువ్వు మరిచిపోయావంటే దగ్గు ఎక్కువైందేమోనని అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

చివరిగా మీ తేనెటీగలు ఎలా ఉన్నాయి? ఇది అడగడానికే నోరు రావడం లేదు.

నాకేమీ లేదు. గుండె దడ మామూలే. నా మరిది గౌరేసు నవ్వుతాడు: "ఒదినకి దడ లేని రోజు సెప్పండి, ఆ రోజు నాను బయపడతాను."

ఇక్కడ గోడలు మళ్లీ చెమరుస్తున్నాయి. పొద్దున్నే గుడ్డతో తుడుస్తాను, భోజనాల వేళకి మళ్లీ తడి. మూలల్లో నల్లబూజు లేచింది. పద్నాలుగు రోజులు ఎండ ఉండే ఈ పక్షంలోనే, చీకటి పక్షం రాకముందే, మేస్త్రి చేత వేడి ఊదించాలంటున్నారు. మీ దిగువ గుహలో తలుపులన్నీ మనుషులే తీస్తారు కనుక మేస్త్రి అంటే మీకు కొత్త. మా దగ్గర తలుపులు, గాలి, వేడి, అన్నీ అతని చేతిలోనే. చేతిలో అన్నాను గానీ అతనికి చేతులూ లేవు, మొహమూ లేదు. గోడల్లోంచి గొంతు వస్తుంది, అంతే. నలభై ఏళ్లు విన్నా ఆ గొంతుకి కొంగు సర్దుకుంటాను.

వెలుగు పక్షం, మూడో రోజు

బండి వచ్చింది. నీ ఉత్తరం మా గుహ పిల్ల అసిరి చదివిపెట్టింది. దాలి దగ్గు తగ్గిందని విని దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత మాట విని కూర్చుండిపోయాను.

నీ పెట్టెలో ఒక్క ఈగ కూడా మిగల్లేదా నూకాలూ?

ఆవ పూలకీ గుమ్మడి పూలకీ ఆరుగురు ఆడవాళ్లు ఈకలు పట్టుకుని పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దుతున్నారన్నావు. మోకాలి వాపుతో నువ్వు కూడానా? అయినా పిందెలు సగం రాలిపోతున్నాయన్నావు. వచ్చే పంటకి ఈగలు లేకపోతే మీ గుహలో సగం మందిని వేరే గుహలకి పంపేస్తారన్న మాట అసిరి మెల్లగా చదివింది. అప్పలకొండ పచ్చి బాలింతరాలుగా బండెక్కాలా?

ఉత్తరం పట్టుకుని గౌరేసు దగ్గరికి వెళ్లాను. మా గుహలో ఉన్నది ఒక్కటే గూడు, దానికి అతనే తల్లీ తండ్రీ.

"సెల్లికి ఒక గూడు ఇవ్వగలమా?" అన్నాను.

పెట్టె మూత ఎత్తి చూపించాడు. మైనంతో కట్టిన రెండు పొడుగాటి అరలు, వేరుశనక్కాయల్లా కిందికి వేలాడుతున్నాయి.

"కొత్త రాణీగలు. ఇంకో పది రోజుల్లో బయటికొస్తాయి. అప్పుడు గూడు రెండు సేస్తాను. ఒకటి మనకి, ఒకటి నూకాలమ్మకి. ఈ పది రోజులూ మాత్రం పెట్టిని ఎవులూ కదపకూడదు. కుదుపు తగిల్తే లోపల రాణి అవిటిదైపోద్ది. ఆ మాట నువ్వు గుర్తెట్టుకో ఒదినా, నీకు బయపడ్డానికి పనికొస్తాది."

ఇంక నాకు పది రోజులు నిద్ర ఎక్కడిది?

వెలుగు పక్షం, ఏడో రోజు

అసిరి మేస్త్రికి ఆజ్ఞలు రాసే పిల్ల. ఇరవై రెండేళ్లుంటాయి, నడుము మీద చెయ్యి పెట్టుకునే మాట్లాడుతుంది. వేడి ఆజ్ఞ రాస్తుంటే నేను పక్కన కూర్చుని దారం చుడుతున్నాను.

"వెయ్యికి పైన గదులు గదే. అన్ని పేర్లూ రాస్తే నీ సెయ్యి పడిపోదా?" అన్నాను.

"అన్నీ రాస్తే మేస్త్రి ఎందుకు మామ్మా? ఇదిగో, ఈ నక్షత్రం గుర్తు సూడు. ఇదొకటి పెడితే, ఏ పేరైనా సరే అనీసి అర్థం. రెండు పక్కపక్కన పెడితే గదిలో గది, దాన్లో ఇంకో గది, ఎంత లోతుంటే అంత లోతూ అన్నీ వచ్చీసినట్టే."

పలక దగ్గరికి వంగి చూశాను. ఆవగింజంత గుర్తు. కొండల్లో నిప్పు పారిన రోజుల్లో మిగిలిపోయిన ఈ సొరంగం, దాని కొమ్మలూ రెమ్మలూ, మా తాతలు తొలిచిన గదులూ, వాటి వెనక వాళ్ల పిల్లలు తొలిచిన గదులూ, నేను పుట్టిన గదీ, నా మొగుడు పోయిన గదీ, అన్నీ ఆ రెండు గుర్తుల్లో పట్టేశాయి. వేలు పెట్టబోయి మానుకున్నాను.

"మరి నారుమళ్లు? చేపలు? ఈగలు? వేడికి ఉడికిపోవూ?"

"వాటికి 'తప్ప' అని రాశాను. నారు తప్ప, చేప తప్ప, తేనె తప్ప. ఏటా రాసేదే."

"మనుషులో?"

"మనిషి ఊపిరి తగిలితే ఆ కొమ్మ మొత్తం ఆపేస్తాడు. ఈగల ఊపిరి అతనికి అందదు. అందుకే 'తప్ప'."

ఏటా రాసేదే అన్నది కదా, నా దడ కాస్త తగ్గింది. రాత్రికి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వెలుగు పక్షం, ఎనిమిదో రోజు

ఇవాళ పేర్లు విన్నాను.

మా గుహలో ఒక పద్ధతి ఉంది. వేడి ఊదే ముందు, ఊదబోయే గదుల పేర్లన్నీ మేస్త్రి వరసగా చదవాలి. చదవడమే, ఇంకేమీ చెయ్యకూడదు. ఆజ్ఞ రాసిన మనిషి కాక వేరే మనిషి కూర్చుని అన్నీ విని, చివర "విన్నాను" అనాలి. ఆ మాట పడేదాకా అతను ఒక్క తలుపు కూడా మూయడు. రెండు గంటల పని. కుర్రాళ్లకి నిద్ర వస్తుంది. అందుకని తొమ్మిదేళ్లుగా నాకు అప్పజెప్పారు. "మామ్మకి కునుకు రాదు, కంగారు తప్ప" అని నవ్వుకుంటారు. నాకు అక్షరాలు పెద్దగా రావు, ఈ ఉత్తరమూ నేను చెబుతుంటే బడిపిల్లలు రాసేదే, గానీ చెవులు బాగున్నాయి.

పెద్దదారిలో పీట వేసుకుని కూర్చున్నాను. గొంతు మొదలైంది.

"నేత. నేత లోపల, దారం. నేత లోపల, దారం లోపల, కండెలు."

నూకాలూ, నీకు ఎలా చెప్పను? అతను చదువుతుంటే గుహ మొత్తం కళ్ల ముందు తెరుచుకుంటూ పోతుంది. నేను ఎన్నడూ కాలు పెట్టని కొమ్మలు. "పాతబడి లోపల, పలకలు." "పురుడు లోపల, ఉయ్యాల." "మెట్ట లోపల, లచ్చయ్య." లచ్చయ్య ఎవరో, అతని గది అక్కడెందుకో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. పేరు ఉంది. ఎనభై ఏళ్లుగా ఎవరూ పిలవని పేరుని మేస్త్రి ఏటా ఒకసారి పిలుస్తాడు. అది విన్నప్పుడల్లా ఒక దండం పెడతాను.

అలా వింటున్నాను. గంట దాటింది.

"అద్దకం. అద్దకం లోపల, నీలి. అద్దకం లోపల, తేనె."

"ఆగు!" అన్నాను. పీట మీంచి పడబోయాను.

గొంతు ఆగింది.

"ఇప్పుడేమన్నావు?"

"అద్దకం లోపల, తేనె," అన్నాడు, అన్నం పెట్టనా అన్నంత మామూలుగా.

ఈగల గూడు అక్కడే ఉంది. పోయిన చీకటి పక్షంలో తేనె గది గోడ బీటవేసి చలి కమ్మితే, రంగుల పొయ్యిల వెచ్చదనం తగులుతుందని గౌరేసు గూడుని అద్దకం గదుల్లోకి మార్చాడు. మా గుహలో గది మారితే సామాను కంటే ముందు పేరు పలక వెళుతుంది. పసుపు రాసి, పెద్ద ముత్తైదువ చేత్తో మోయించి కొత్త తలుపుకి తగిలించాలి. ముత్తైదువలెవరూ తీరికగా లేకపోతే విధవరాలినైనా పరవాలేదని నా చేతికే ఇచ్చారు. తేనె అన్న ఆ పలక మోసిందీ నేనే, తగిలించిందీ నేనే. పలక ఉంటే చాలు, మేస్త్రి చూసుకుంటాడనుకున్నాను.

వెలుగు పక్షం, తొమ్మిదో రోజు

నిన్న అసిరిని పిలిస్తే ముందు నవ్వింది.

"తేనె తప్ప అని రాశాను గదా మామ్మా. ఊరికే సదివుంటాడు."

"ఊరికే ఎందుకు సదువుతాడే? సెయ్యనిది అతను సదవడు. నువ్వే సెప్పావు."

నడుము మీంచి చెయ్యి తీసింది. పలక తెచ్చి చూసుకుంది. కాసేపటికి మొహం పాలిపోయింది.

"నాది తప్పే. పెద్దదారి మీద నిలబడి, తేనె అన్న తలుపుంటే దాన్ని వదిలీ అన్నాను. ఏటా తేనె గది పెద్దదారి మీదే గదా. ఈసారి పెద్దదారి మీద ఉన్నది అద్దకం తలుపు. దాని పేరు తేనె కాదు. లోపలికెళ్లిపోయాడు. ఎళ్లాక లోపల రెండు నక్షత్రాలే, అన్నీ అతనివే. నా 'తప్ప' మొదటి వరస తలుపుల దగ్గరే ఆగిపోయింది."

ఇంతలో గౌరేసు వచ్చాడు. విషయం విని గోడకి ఆనుకున్నాడు.

"గూడు తీసీద్దామా?" అంది అసిరి.

"తీస్తే రాణులు పోతాయి. నూకాలమ్మకి ఏటిస్తాం, ఉత్త పెట్టా?"

"పోనీ అద్దకానికి వేడి మానేద్దాం."

"బూజు పుట్టిందే అక్కడ గదే! ఆ బట్టలే గదా పిల్లలకి సుడతన్నాం."

"నేను వెళ్లి ఈగల పక్కన కూర్చుంటాను," అన్నాను. "మనిషుంటే ఊదడు గదా."

గౌరేసు నన్ను చూసి తల కొట్టుకున్నాడు. "నువ్వు కూకుంటే కొమ్మంతా ఆపేస్తాడు ఒదినా. బూజు అలాగే ఉంటాది. పైగా నీ దడకి ఈగలు కూడా బెదిరిపోతాయి."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అసిరి కొత్త ఆజ్ఞ రాసింది. ఈసారి పెద్దదారి మీదే కాదు, తేనె అన్న పేరు ఎంత లోతులో కనబడినా ఆ గది వదిలెయ్యమని. మళ్లీ పీట వేసుకున్నాను. మళ్లీ మొదటినుంచీ. నేత, దారం, కండెలు.

"అద్దకం. అద్దకం లోపల, నీలి."

చెంగు నోట్లో పెట్టుకున్నాను.

"అద్దకం లోపల, తేనె లోపల, మైనం. అద్దకం లోపల, పసుపు."

అసిరి అప్పటికే చప్పట్లు కొట్టేసింది. "సూశావా, తేనె పేరు రాలేదు!"

"పేరు రాలేదే తల్లీ. మైనం వచ్చింది."

తేనె గది లోపలి గోడలో ఒక అర ఉంది, మైనం పెట్టుకునేది. దానికి తలుపు లేదు. ఈగల పెట్టె దాన్ని ఆనుకునే ఉంది. మేస్త్రి తేనె గదిని వదిలేశాడు, నిజమే. కానీ దాని లోపలికి నడిచి వెళ్లి, మైనం అర పేరు తేనె కాదు కనుక దాన్ని పట్టుకున్నాడు. ఆ అరలో వేడి ఊదితే మొదట కరిగేది రాణుల గదులే.

అసిరి పీట పక్కన కూలబడింది. "నీ సెవులు కోసి మేస్త్రికి అతికించాల మామ్మా," అంది. కళ్లనిండా నీళ్లు.

ఇంక రెండు రోజులు దాటితే ఎండ వాలుతుంది. వేడికి చాలినంత ఎండ మళ్లీ వచ్చే పక్షానికి గానీ రాదు. బూజు అంతవరకు ఆగదు.

వెలుగు పక్షం, పదో రోజు

పొద్దున అసిరి గంజి కూడా తాగకుండా పలక ముందు కూర్చుంది. ఒక్కో అర పేరూ, ఒక్కో మూల పేరూ విడివిడిగా రాస్తోంది.

"ఒకటి మర్చిపోతేనో?" అన్నాను.

"మామ్మా, నీకు దండం పెడతాను, కాసేపు బయపడకు."

అలా ఉండటం నాకు చేతకాదు. దారం చుడుతూ నాకు తోచింది అడిగాను. "మొన్న పురుటి గదికి ఎర్రగుడ్డ కట్టారు గదా. అది సూసి మనమేం సేశాం? లోపలికెళ్లి, ఇది ఉయ్యాల, ముట్టుకోను, ఇది సెంబు, ముట్టుకోను అని ఒక్కోటీ లెక్కెట్టామా? గడప దగ్గిరే ఎనక్కి తిరిగొచ్చీసాం. లోపలేముందో మనకెందుకు? మేస్త్రికి ఆ మర్యాద తెలీదా?"

అసిరి చెయ్యి ఆగిపోయింది.

"తెలుసు," అంది. "ఆ మాట అతనికి ఉంది. ఆ పేరు కనబడిన సోట లోపలికి దిగొద్దు, అక్కడికక్కడే తిరిగెయ్యి అని. సదువుకున్నాను కూడా. ఎప్పుడూ అవసరం పడక మర్చిపోయాను."

రాసినదంతా తుడిచేసింది. ఒక్క వరస రాసింది.

మూడోసారి పీట వేసుకున్నాను. ఈసారి గౌరేసూ వచ్చి నేల మీద కూర్చున్నాడు. గొంతు మొదలైంది. నేత. పాతబడి. పురుడు. మెట్ట లోపల లచ్చయ్యకి దండం పెట్టాను.

"అద్దకం. అద్దకం లోపల, నీలి."

పీట మీద ముందుకి జరిగాను.

"అద్దకం లోపల, పసుపు."

మధ్యలో ఏమీ లేదు. తేనె లేదు, మైనం లేదు. రెండు పేర్ల నడుమ చిన్న విరామం, అంతే. నూకాలూ, ఆ విరామంలో ఒక గూడు, రెండు రాణులు, మీ ఆవచేలు, అప్పలకొండ కడుపులోని బిడ్డ, అందరూ ఉన్నారు. వెయ్యి గదుల్లోకి చొరబడే ఆ గొంతు అక్కడికి వచ్చి, పలక చూసి, చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగిపోయింది. నేను కళ్లు తుడుచుకున్నాను.

పేర్లు అయిపోయాయి. "విన్నారా?" అని అడిగాడు.

"ఇంకోసారి మొదటినుంచీ సదువు నాయనా," అన్నాను.

అసిరి గట్టిగా నిట్టూర్చింది. గౌరేసు మాత్రం, "సదవనీ," అన్నాడు.

రెండోసారీ విన్నాను. వంట లోపల తేనె సీసాల గదిని కూడా వదిలేశాడని ఈసారి పట్టుకున్నాను. దానికీ ఆ పేరే మరి. ఆ బూజు నా గుడ్డతో నేనే తుడుస్తానన్నాను.

అప్పుడు లేచి నిలబడ్డాను.

"విన్నాను," అన్నాను.

వెలుగు పక్షం, పదకొండో రోజు

గుహ మొత్తం జనం చేపల గదిలో చేరాం. నీటి గట్టు మీద వరసగా కూర్చున్నాం, పిల్లలు కాళ్లు నీళ్లలో వేసుకున్నారు. గోడల అవతల ఒకటే హోరు. మేస్త్రి మా చుట్టూ ఒక్కో తలుపూ మూసి, ఊది, తెరుచుకుంటూ వెళ్తున్నాడు. నేను చేపల్ని లెక్కపెట్టబోయి మధ్యలో మూడుసార్లు తప్పాను.

అంతా అయిందని గంట మోగింది. అసిరీ నేనూ గౌరేసూ అద్దకం వైపు నడిచాం. గోడలు పెనంలా కాలుతున్నాయి. మూలల్లో నల్లబూజంతా బూడిదై రాలిపోయింది. నీలి గది తలుపు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. నాలుగు అడుగుల దూరంలో తేనె గది తలుపు.

"నువ్వు ఎట్టు ఒదినా," అన్నాడు గౌరేసు. "పలక తగిలించింది నువ్వే గదా."

అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది, నూకాలూ. కుండ చల్లదనం. పలక మీద నేను రాసిన పసుపు కూడా మాడలేదు.

తలుపు కొంచెం తీశాం. మొదట ఏమీ వినబడలేదు. నా చెవుల్లో నా దడే. తరువాత మెల్లగా, గోడ అంతా మూలుగుతున్నట్టు, ఈగల ఝుంకారం. దాని మధ్యలోంచి సన్నటి పీక ఊదినట్టు ఒక శబ్దం, ఆగి, మళ్లీ.

"అదేటి?" అంది అసిరి గుసగుసగా.

గౌరేసు గడప మీదే కూర్చుండిపోయాడు. "కొత్త రాణి. బయటికొచ్చేముందు అలా పిలుస్తాది."

ముగ్గురం గడప ఇవతలే నిలబడి విన్నాం. ఎవరమూ లోపలికి అడుగు పెట్టలేదు.

వెలుగు పక్షం, పన్నెండో రోజు

ఈ పొద్దున రాణి బయటికి వచ్చింది. బంగారు రంగు, రెక్కలు తిన్నగా ఉన్నాయి. అవిటి లేదని గౌరేసు రెండుసార్లు చూసి చెప్పాడు. నేను మూడోసారి చూడమన్నాను. వెనకే రెండోదీ వచ్చింది, గూడు రెండు చేశాడు. నీ పెట్టెకి ఇంకో తేనె పలక చెక్కిస్తున్నాం.

మీ గుహకీ వచ్చే ఏడు మేస్త్రి వస్తాడని విన్నాను. అతనికి ఆజ్ఞలు రాసే పిల్లకి ఈ ఉత్తరం చదివి వినిపించు. పేర్లు వినడానికి మాత్రం నిద్ర పట్టని మనిషినే కూర్చోబెట్టండి. నువ్వు పనికొస్తావు, మన ఇంటి రక్తమే కదా.

బండివాడితో మాట్లాడాను. చీకటి పక్షం పోయి ఎండ రాగానే నీకోసం బయలుదేరతాడు. వచ్చేటప్పుడు మోకాలికి గుడ్డ కట్టుకో, మందు తెచ్చుకో, సింహాలు చెవి చుక్కలు మరిచిపోవద్దని ఇంట్లో చెప్పి రా. పెట్టెని ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాలి, కుదుపు తగలకూడదు. పసుపు కలిపి ఉంచుతాను. ఈసారి పలక నువ్వు మోద్దువుగాని.

వచ్చే వెలుగు పక్షం, నాలుగో రోజు, మొదటి గంటకి. పెద్దదారి మొదట్లో పీట వేసుకుని కూర్చుని ఉంటాను.